చేనేత ఇంటి నుంచి టెక్స్‌టైల్ ఇంజనీరింగ్: నాలుగేళ్లకు నిజంగా ఎంత ఖర్చవుతుంది?

ప్రశ్న: మగ్గంగుంట

మాది యాదాద్రి భువనగిరి జిల్లాలో భూదాన్ పోచంపల్లికి దగ్గరలోని ఒక పల్లె. అమ్మానాన్నలు ఇద్దరూ ఇక్కత్ చీరలు నేస్తారు. నేను డిగ్రీ పూర్తిచేసి మూడేళ్లుగా ఒక బట్టల దుకాణంలో లెక్కలు రాస్తున్నాను. మా చెల్లెలు ఈ ఏడాది ఎంపీసీతో ఇంటర్మీడియట్ ముగించి ఈఏపీసెట్ రాసింది. ర్యాంకు 10,000 లోపు రాలేదు గాని, మా ఊరి లెక్కలో చూస్తే మంచి ర్యాంకే. బంధువులంతా ఏదో ఒక కళాశాలలో కంప్యూటర్ సైన్స్ తీసుకోమని చెబుతుండగా ఆమె మాత్రం టెక్స్‌టైల్ టెక్నాలజీ తప్ప మరొకటి చదవనని పట్టుబట్టి కూర్చుంది. చిన్నతనం నుంచి కండెలు చుడుతూ, నేతకు ముందు నూలును కొయ్యల మధ్య తిప్పి ఆసు పోస్తూ పెరిగిన పిల్ల కాబట్టి, ఒకే తొట్టిలో ముంచిన రెండు నూలు లచ్చీలకు రంగు ఎందుకు వేరువేరుగా పడుతుందో, ఉతికితే ఒక చీర రంగు ఎందుకు దిగుతుందో చదువుకుని తెలుసుకోవాలన్నది ఆమె కోరిక. ఆ కోరికను కాదనడానికి నాకు మనసొప్పడం లేదు.

మేము బీసీ-బీ వర్గానికి చెందినవాళ్లం. ఆదాయ ధ్రువీకరణ పత్రం ప్రకారం ఇంటి ఆదాయం ఏడాదికి 1,40,000 రూపాయలు. హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయ సాంకేతిక కళాశాలలో ఈ కోర్సు ఉందని తెలుసు. అక్కడ సీటు రాకపోతే కోయంబత్తూరు వైపు ఒక ప్రైవేటు కళాశాలలో ఏడాదికి లక్షన్నరతో సీటు ఇప్పిస్తానని ఒక మధ్యవర్తి వారం రోజులుగా ఫోను చేస్తున్నాడు. ట్యూషన్ రుసుము మాట అలా ఉంచి, నాలుగేళ్లలో చేతినుంచి నిజంగా ఎంత పోతుంది, ఏయే సహాయాలు అందుతాయి, అప్పు చేయవలసి వస్తే ఎంతవరకు చేయవచ్చు అన్నది అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

సమాధానం: రింగ్‌ఫ్రేమ్

తమ్ముడూ, నేను ఆ సాంకేతిక కళాశాలలోనే ఈ కోర్సు చదివి, పదకొండేళ్లుగా నూలు మిల్లులలో పనిచేస్తున్నాను. నా కాలపు రుసుములు ఇప్పుడు మీకు ఉపయోగపడవు కాబట్టి వాటిని వదిలేసి, లెక్క ఎలా వేసుకోవాలో చెబుతాను.

మొదటిది, రుసుము రీయింబర్స్‌మెంట్. తెలంగాణలో బీసీ విద్యార్థుల కుటుంబ ఆదాయ పరిమితి గ్రామాల్లో 1,50,000, పట్టణాల్లో 2,00,000 రూపాయలు కాబట్టి మీరు అర్హులే. ఈఏపీసెట్‌లో 10,000 లోపు ర్యాంకు వచ్చిన బీసీ విద్యార్థికి ప్రభుత్వం రుసుము మొత్తాన్ని భరిస్తుంది. ఆ పైన ర్యాంకు వచ్చినవారికి ఏడాదికి 35,000 రూపాయల వరకే ఇస్తుంది. అంటే మీ చెల్లెలికి వచ్చే సీటు రుసుము 35,000 దాటితే, దాటినంత మేరకు మీరే కట్టుకోవాలి. కౌన్సెలింగ్‌లో సీటు కేటాయించినప్పుడు ఇచ్చే పత్రంలో రుసుము ఎంతో, అందులో మీ వంతు ఎంతో కనిపిస్తుంది. చేరే ముందు దానిని శ్రద్ధగా చదవండి. ఒకే కళాశాలలో, ఒకే తరగతి గదిలో కూర్చునే ఇద్దరు పిల్లలలో ఒకరిది రెగ్యులర్ సీటు, మరొకరిది సెల్ఫ్ ఫైనాన్స్ (ఖర్చంతా విద్యార్థుల రుసుముతోనే నడిచే) సీటు అయితే, వారు కట్టే డబ్బులో చాలా తేడా ఉంటుంది. ఆప్షన్లు పెట్టేటప్పుడే ఈ తేడాను గమనించకపోతే తరువాత దిద్దుకోవడం కష్టం.

రెండవది, ఆ డబ్బు చేతికి వచ్చే సమయం. ప్రభుత్వం నుంచి బకాయిలు ఆలస్యమైనప్పుడు కొన్ని కళాశాలలు విద్యార్థినే ముందుగా కట్టమంటాయి, చివరి ఏడాది ధ్రువపత్రాలను ఆపుతాయి. నా తరువాతి బ్యాచ్‌లో ఒక ప్రైవేటు కళాశాలలో మరో బ్రాంచి చదివిన మా బంధువుల అబ్బాయికి ఉద్యోగం చేతికి వచ్చిన నెలలోనే ధ్రువపత్రాల కోసం 60,000 రూపాయలు వడ్డీకి తేవలసి వచ్చింది. అందువల్ల ఒక ఏడాది రుసుముకు సరిపడే మొత్తాన్ని దేనికీ ముట్టుకోని నిధిగా పక్కన పెట్టుకోగలిగితే మంచిది.

మూడవది, మా కోర్సుకు ప్రత్యేకమైన ఖర్చులు. పుస్తకాలకు పెద్దగా కాదు. గ్రంథాలయంలోనివి చాలావరకు సరిపోతాయి. ప్రయోగశాలకు ఏప్రాను, రికార్డులు, బట్టలోని పడుగు పేకలను లెక్కపెట్టే పిక్ గ్లాసు, రెండవ ఏడాదికల్లా ఒక లాప్‌టాప్ కావాలి. అన్నిటికంటే పెద్దది నెల రోజుల మిల్లు శిక్షణ. బ్లోరూములో దూది విప్పడం మొదలుకొని కార్డింగ్, డ్రాఫ్రేమ్, రింగ్‌ఫ్రేమ్, ఆటోకోనర్ వరకు నూలు ఎలా తయారవుతుందో యంత్రం పక్కన నిలబడి చూడనిదే ఈ చదువు ఒంటపట్టదు. శిక్షణకు వెళ్లే మిల్లు ఊరికి దూరంగా ఉంటుంది. కొన్ని మిల్లులు గది, క్యాంటీను భోజనం ఇస్తాయి, కొన్ని ఏమీ ఇవ్వవు. ఆడపిల్లలకు వసతి ఉన్న మిల్లును ముందుగా వెతుక్కోవడానికి మేము సీనియర్లకు ఉత్తరాలు రాసేవాళ్లం. మీ చెల్లెలు కూడా మొదటి ఏడాది నుంచే పూర్వ విద్యార్థులతో పరిచయం పెంచుకుంటే ఆ నెల రోజుల ఖర్చు సగానికి తగ్గుతుంది.

ఇక వసతి. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, నగర ఆర్డినరీ బస్సులలో మహిళలకు టిక్కెట్టు లేదు కాబట్టి, ఇంటి నుంచే వెళ్లి వస్తే రవాణాకు పైసా ఖర్చు ఉండదని మీ ఇంట్లో అనుకుంటూ ఉండవచ్చు. నేను మాత్రం హాస్టలుకే ఓటు వేస్తాను. బస్సు మారి, నగరం దాటుకుని రోజూ వెళ్లి రావడానికి నాలుగు గంటలకు తక్కువ పట్టదు. మధ్యాహ్నం ప్రయోగశాల ఉన్న రోజున ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది. మొదటి ఏడాదిలో గణితం, రసాయన శాస్త్రం గట్టిగా పట్టుకోవలసిన సమయంలో ఆ నాలుగు గంటలు రోడ్డు మీద పోగొట్టుకుంటే, ఒక సబ్జెక్టు మిగిలిపోయినా దాని ధర మెస్ బిల్లు కంటే ఎక్కువవుతుంది. అర్హత ఉన్న హాస్టల్ విద్యార్థులకు మెయింటెనెన్స్ ఉపకారవేతనం మెస్ ఖర్చులో కొంత తీరుస్తుంది కూడా.

సమాధానం: నూలుపోగు

అన్నయ్యా, ఆ మధ్యవర్తి మాట నమ్మవద్దని చెప్పడానికే ఇది రాస్తున్నాను. నాలుగేళ్ల క్రితం మా అబ్బాయిని ఇలాగే పొరుగు రాష్ట్రంలోని ఒక కళాశాలలో టెక్స్‌టైల్ కోర్సులో చేర్పించాము. మాకు చెప్పిన మాట ఏడాదికి లక్షన్నర, నాలుగేళ్లకు ఆరు లక్షలు. చేరిన తరువాత హాస్టలు, భోజనం కలిపి ఏడాదికి 95,000 అయింది. పరీక్ష రుసుములు, యూనిఫాం, పరిశ్రమల సందర్శన, పుస్తకాలు కలిసి మరో 15,000. మొదటి ఏడాది రసీదు లేకుండా అభివృద్ధి నిధి పేరిట 40,000 తీసుకున్నారు. రాకపోకల రైలు, బస్సు ఖర్చు ఏడాదికి 15,000 చొప్పున వేసుకుంటే నాలుగేళ్లకు మొత్తం 11,40,000 అయింది. మా రాష్ట్ర ప్రభుత్వ రీయింబర్స్‌మెంటు అక్కడ చదివే మా అబ్బాయికి వర్తించదన్న సంగతి కూడా చేరిన తరువాతే తెలిసింది.

కోయంబత్తూరులో పీఎస్‌జీ, కుమరగురు వంటి మంచి కళాశాలలు ఈ చదువుకు దేశంలోనే పేరున్నవి; ఆ ఊరిలోనే దక్షిణ భారత వస్త్ర పరిశోధనా సంఘం, సిట్రా, ఉంది; చుట్టూ మిల్లులు, తిరుప్పూరులో అల్లిక బట్టల పరిశ్రమ ఉన్నాయి. చదువు విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు. అయితే తమిళనాడు ప్రభుత్వ కౌన్సెలింగ్ సీట్లు ప్రధానంగా ఆ రాష్ట్రం పిల్లలకే కాబట్టి మన పిల్లలు ఎక్కువగా మేనేజ్‌మెంట్ కోటాలోనే చేరవలసి వస్తుంది. ఏ కళాశాల అయినా సరే, మధ్యవర్తిని పక్కకు పెట్టి నేరుగా కళాశాల కార్యాలయానికి రాసి, నాలుగేళ్లకూ కట్టవలసిన ప్రతి రుసుమును కాగితం మీద తెప్పించుకోండి. అలా ఇవ్వడానికి వెనుకాడే చోట చేర్పించకండి. నేను ఆ ఒక్క కాగితం అడగనందుకు మా ఇంటి వెనుక స్థలం అమ్ముకోవలసి వచ్చింది.

సమాధానం: విశ్రాంత బ్యాంకు ఉద్యోగి

బాబూ, అప్పు గురించి అడిగారు కాబట్టి నాకు తెలిసిన పని చెబుతాను. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో విద్యా రుణాలు చాలా మంజూరు చేశాను. చదువు ఆగిపోయి అప్పు మాత్రం మిగిలిన కుటుంబాలను కూడా చూశాను.

నాలుగు లక్షల వరకు విద్యా రుణానికి సాధారణంగా మీ వంతు సొమ్ము పెట్టవలసిన అవసరం లేదు. ఏడున్నర లక్షల వరకు ప్రభుత్వ హామీ పథకం ఉంది కాబట్టి ఆ పరిమితి లోపు రుణానికి ఇల్లో పొలమో తనఖా అడిగితే, ఆ పథకం కింద పరిశీలించమని మర్యాదగా, రాతపూర్వకంగా కోరండి. కుటుంబ ఆదాయం ఏడాదికి నాలుగున్నర లక్షల లోపు ఉండి, గుర్తింపు ఉన్న సంస్థలో సాంకేతిక కోర్సు చదివేవారికి చదువుకాలం, ఆ పైన మరొక ఏడాది అయ్యే వడ్డీని కేంద్ర ప్రభుత్వమే భరించే పథకం ఉంది. 2024 నవంబరులో ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం కింద, ఎంపిక చేసిన ఉన్నత శ్రేణి సంస్థలలో చేరినవారికి, ఆదాయం ఎనిమిది లక్షల లోపు ఉంటే పది లక్షల వరకు రుణంపై మూడు శాతం వడ్డీ రాయితీ ఉంది. ఈ రాయితీలు వాటంతట అవే రావు. ఆదాయ పత్రం సకాలంలో బ్యాంకుకు అందకపోతే వడ్డీ అసలులో కలిసిపోతుంది.

ఇప్పుడు ఎంత అప్పు చేయవచ్చన్న మాట. పది శాతం వడ్డీతో, ఏడేళ్లలో తీర్చే నాలుగు లక్షల రుణానికి నెలసరి వాయిదా సుమారు 6,640 రూపాయలు అవుతుంది. అదే ఎనిమిది లక్షలైతే 13,280. మిల్లులో కొత్తగా చేరిన ఇంజనీరు జీతం ఎంత ఉంటుందో రింగ్‌ఫ్రేమ్ గారు చెప్పాలి. నా మటుకు నేను, మొదటి జీతంలో మూడోవంతుకు మించిన వాయిదా పడే రుణాన్ని మంజూరు చేయడానికి ఎన్నడూ ఇష్టపడలేదు. మీ చెల్లెలి పేరు మీద రుణం తీసుకుంటే ఉద్యోగం వచ్చిన తరువాత బాధ్యత ఆమెది అనుకుంటాము గాని, సహ రుణగ్రహీతగా సంతకం చేసే తండ్రి బాధ్యత ఏ మాత్రం తగ్గదన్నది గుర్తుంచుకోవాలి.

సమాధానం: రింగ్‌ఫ్రేమ్

అయ్యగారు అడిగారు కాబట్టి దాచకుండా చెబుతున్నాను. నేను శిక్షణ ఇంజనీరుగా చేరినప్పుడు నెలకు 14,000 ఇచ్చారు. మిల్లు లోపలే గది, క్యాంటీను ఉన్నందువల్ల 9,000 వరకు ఇంటికి పంపగలిగాను. గత ఏడాది మా మిల్లులో చేరిన కొత్త ఇంజనీర్లకు 22,000 దగ్గర మొదలైంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంతో పోలిస్తే ఇది తక్కువే. మూడు నాలుగేళ్లు షిఫ్టు పని చేసి, నాణ్యత విభాగంలోనో రంగుల విభాగంలోనో పట్టు సంపాదించినవారికి జీతం త్వరగా పెరుగుతుంది. వరంగల్ దగ్గరి కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు వంటివి మన దగ్గర పెరుగుతున్నాయి కాబట్టి మా తరం లాగా ఉద్యోగం కోసం అందరూ కోయంబత్తూరు రైలెక్కవలసిన అవసరం తగ్గుతుందని నా నమ్మకం. అయినా అప్పు లెక్క మాత్రం 22,000 మీదనే వేసుకోండి. అయ్యగారి మూడోవంతు నియమం ప్రకారం వాయిదా సుమారు 7,300 దాటకూడదు, అంటే రుణం నాలుగు లక్షల దగ్గర ఆగాలి.

సమాధానం: జలంధర్ బ్యాచ్

జేఈఈ మెయిన్ కూడా రాసి ఉంటే ఆ దారిని మరిచిపోకండి. జలంధర్‌లోని జాతీయ సాంకేతిక సంస్థలో నేను చదివింది ఈ కోర్సే. ఎన్ఐటీలలో ట్యూషన్ రుసుము ఏడాదికి 1,25,000 అని చూసి చాలామంది భయపడతారు గాని, కుటుంబ ఆదాయం లక్ష లోపు ఉంటే అది పూర్తిగా, లక్ష నుంచి ఐదు లక్షల లోపు ఉంటే మూడింట రెండు వంతులు మాఫీ అవుతుంది. మీ ఆదాయానికి ఏడాదికి 41,667 రూపాయలే కట్టాలి. ఢిల్లీ ఐఐటీలో కూడా టెక్స్‌టైల్ కోర్సు ఉంది. అక్కడ ఏడాదికి 2,00,000 కాబట్టి అదే మాఫీతో 66,667 అవుతుంది. హాస్టలు, భోజనం, చలికాలపు దుస్తులు, ఏడాదికి రెండుసార్లు ఇంటికి రైలు ప్రయాణం వీటికి అదనం. పంజాబు చలి గురించి నేను ముందుగా లెక్క వేసుకోలేదు. మొదటి డిసెంబరులో రజాయి, స్వెట్టర్లు, బూట్లకే 6,000 అయింది.

సమాధానం: సంఘం పాత కార్యదర్శి

మీరు చేనేత కుటుంబం అయి ఉండి కూడా అసలైన సహాయం గురించి ఇంతవరకు ఎవరూ చెప్పకపోవడం నాకు బాధ కలిగించింది. కేంద్ర చేనేత అభివృద్ధి కార్యక్రమం కింద, కేంద్ర లేక రాష్ట్ర ప్రభుత్వ గుర్తింపు ఉన్న వస్త్ర విద్యాసంస్థలలో డిప్లొమా, డిగ్రీ, పీజీ చదివే నేతకారుల పిల్లలకు, కుటుంబానికి ఇద్దరు పిల్లల వరకు, ఏడాదికి రెండు లక్షల రూపాయల దాకా ఉపకారవేతనం ఇచ్చే ఏర్పాటు ఉంది. కంప్యూటర్ సైన్స్ చదివితే ఇది రాదు. మీ చెల్లెలు కోరుకున్న చదువుకే వస్తుంది. నేను సహకార సంఘంలో పనిచేసిన కాలంలో మా సభ్యులలో చాలామందికి ఇటువంటిది ఉందనే తెలియదు. నోటీసు బోర్డు మీద అంటించిన కాగితం చదివే తీరిక మగ్గం మీద కూర్చున్నవాడికి ఎక్కడుంటుంది?

దీనికి మొదట కావలసింది మీ నాన్నగారి పేరిట నేతకారుల గుర్తింపు కార్డు. నాలుగవ చేనేత గణన తరువాత ఇచ్చిన కార్డు ఇంట్లో ఉందో లేదో ఈ రోజే చూడండి. ఆ కార్డు, ఆధార్, ఆదాయ పత్రం, సీటు కేటాయింపు పత్రం తీసుకుని హైదరాబాదులోని నేతకారుల సేవా కేంద్రానికి వెళ్లి, మీ చెల్లెలు చేరబోయే సంస్థ ఈ సహాయానికి అర్హమైనదేనా అని చేరక ముందే అడిగి తెలుసుకోండి. ఒకే రుసుముకు రెండుచోట్ల సహాయం తీసుకోవడం తరువాత ఇబ్బంది తెచ్చిపెడుతుంది కాబట్టి రాష్ట్ర రీయింబర్స్‌మెంటు సంగతి కూడా అక్కడే చెప్పి, ఏది దేనికి వర్తిస్తుందో తేల్చుకోండి. సాంకేతిక విద్యను చూసే కేంద్ర మండలి ఏఐసీటీఈ ఆడపిల్లలకు ఇచ్చే ప్రగతి ఉపకారవేతనం ఏడాదికి 50,000 రూపాయలు. దానికి ఆదాయ పరిమితి ఎనిమిది లక్షలు, సంస్థకు ఏఐసీటీఈ ఆమోదం ఉండాలి, మరో ప్రభుత్వ ఉపకారవేతనం పొందుతూ ఉండకూడదు. ఈ మూడు సహాయాలలో మీకు ఏది ఎక్కువ మేలు చేస్తుందో కాగితం మీద కూడికలు వేసుకుని ఒకటి ఎంచుకోండి.

పదవ తరగతి చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు బంధువులలో ఉంటే వారికోసం ఒక మాట. చేనేత, వస్త్ర సాంకేతికతలో మూడేళ్ల డిప్లొమా ఉంది. ఇంతకుముందు మన పిల్లలు దీనికోసం వెంకటగిరికో, ఒడిశాలోని బర్గఢ్‌కో వెళ్లేవారు. 2024లో కొండా లక్ష్మణ్ బాపూజీ పేరిట హైదరాబాదులోనే సంస్థ ప్రారంభమైంది. ఖర్చు మీద భయం ఎక్కువగా ఉన్న ఇంటికి అది మొదటి మెట్టుగా పనికివస్తుంది.

ప్రశ్నించినవారి స్పందన: మగ్గంగుంట

పెద్దలందరికీ నమస్కారాలు. నేతకారుల ఉపకారవేతనం సంగతి మా ఊళ్లో ఒక్కరి నోటా వినలేదు. నాన్న కార్డు పెట్టె అడుగున దొరికింది. మధ్యవర్తికి వద్దని చెప్పేశాను.

ఒక విషయం మాత్రం నేను ప్రశ్నలో రాయలేదు. మా ఇంట్లో ఆసు పోసే పనిలో సగం చెల్లెలిదే. చీరకు చీరకు కొయ్యల మధ్య వేల సార్లు చేయి తిప్పవలసిన పని అది; అమ్మకు కుడి భుజం నొప్పి వచ్చి రెండేళ్లయింది. చెల్లెలు హాస్టలుకు వెళితే ఆ పని బయట చేయించుకోవాలి, లేదా నేత తగ్గించుకోవాలి. బయట చేయిస్తే నెలకు 2,000 దాకా అవుతుందని నాన్న లెక్క. అంటే నాలుగేళ్లకు 96,000. ఏ కళాశాల రసీదులోనూ కనిపించని ఈ ఖర్చును అమ్మ ఎవరికీ చెప్పకుండా తన భుజం మీదే మోయాలనుకుంటోందని నాకు నిన్న రాత్రే అర్థమైంది. చెల్లెలికి తెలిస్తే చదువు మానేస్తుందేమోనని అమ్మ భయం.

సమాధానం: సంఘం పాత కార్యదర్శి

బాబూ, ఆ 96,000 కూడా చదువు ఖర్చే. దానిని మీ లెక్కలో మొదటి వరుసలో రాయండి. మీ జిల్లాకే చెందిన చింతకింది మల్లేశం గారు తన తల్లి పడుతున్న ఇదే బాధ చూడలేక ఆసు యంత్రాన్ని తయారుచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. చేనేత పరికరాల ఖర్చులో 90 శాతం కేంద్రం భరించి, నేతకారుడు 10 శాతం మాత్రమే పెట్టుకునే పథకం ఉంది. నేతకారుల సేవా కేంద్రానికి ఎలాగూ వెళుతున్నారు కాబట్టి, చెల్లెలి ఉపకారవేతనంతో పాటు ఆసు యంత్రం గురించి కూడా అదే రోజు అడగండి. రెండు దరఖాస్తులకూ నాన్నగారి కార్డు నకళ్లు వేరువేరుగా తీసుకువెళ్లండి. అమ్మగారిని కూడా వెంట తీసుకువెళ్లండి. ఆసు పోసే మనిషి ఎదురుగా ఉండి తన భుజం సంగతి తానే చెబితే, దరఖాస్తు తీసుకునే అధికారికి మీరు వేరే వివరించవలసిన పని ఉండదు.